పండగ పండగకీ కింద బాత్రూంలో నీళ్ళు పైకొస్తున్నాయి: జెట్టింగా, తవ్వడమా?

జీవన్‌భీమానగర్ కోడలు:

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి పెండ్లయి బెంగళూరొచ్చి ఇరవై తొమ్మిదేండ్లయింది. ఈ ఊర్లో నీళ్ళు రాలేదని ఏడ్చిన రోజులు చానా ఉన్నాయి గానీ, నీళ్ళు పోవడం లేదని ఏడవడం ఈ ఏడాదే మొదలు.

ఇల్లు మా మామగారు 1986లో కట్టించినారు. ముప్పై-నలభై సైటు. కింద మేముంటాము, పైన రెండు పోర్షన్లు బాడుగకిచ్చినాము. వెనక బాత్రూముల నుంచి పక్క సందులో పైపు గేటు దాకా వచ్చి వీధి లైన్లో కలుస్తుంది. గేటు పక్కన పెద్ద కానుగ చెట్టు, ఇక్కడోళ్ళు హొంగె అంటారు. ఆ లైను మీద మూత తీసి చూసుకునే గుంతలు, అదే చాంబర్లు, మొత్తం మూడున్నాయని మామగారు చెప్పేవారు. నాకు కనపడేవి రెండే. మూడోది ఐదేండ్ల కిందట పోర్టికోకి టైల్స్ వేసినప్పుడు మూతబడిందని నేనంటాను. మా ఆయన ఒప్పుకోరు, ఎందుకంటే ఆ మేస్త్రీని తెచ్చింది ఆయనే.

మొదటిసారి ఉగాదికి వచ్చింది. పైన వాళ్ళు వాషింగ్ మెషీన్ నీళ్ళు వదిలినారో లేదో, మా కింద బాత్రూం నహానీ ట్రాప్‌లో, అదే నేల మీది నీళ్ళు పోయే జాలీ రంధ్రంలో, గుడగుడమని శబ్దం, ఆ వెనకే నల్లటి నీళ్ళు. తెలిసిన ప్లంబర్ వెదురు బద్దలు పెట్టి పొడిచినాడు, 1,200 తీసుకున్నాడు, పోయింది. రెండోసారి సరిగ్గా వరలక్ష్మీ వ్రతం పొద్దున. కలశం పెట్టే టైముకు నేను బాత్రూంలో మగ్గుతో మురికి ఎత్తిపోస్తా ఉండాను. మళ్ళీ అదే మనిషి, మళ్ళీ 1,200. ఇప్పుడు ఆయుధపూజ రోజు మూడోసారి. మధ్యలో మామూలు రోజుల్లో ఏమీ ఉండదు. ఈ దరిద్రానికి పంచాంగం ఎవరు చదివి చెప్తాండారో నాకర్థం కాలేదు.

మా ఆయన రెండు సీసాల ఆసిడ్ పోసినారు. ఇంట్లో అందరికీ కండ్లు మండినాయి తప్ప లైనుకేమీ కాలేదు. ఊర్నుంచి మా మరిది ఫోన్ చేసి, చెట్టు వేర్లే అయ్యుంటాయి, మైలుతుత్తం పోయండి అన్నాడు. ఆయనకు దానిమ్మ తోట ఉంది, దేనికైనా మైలుతుత్తమే మందు.

నిన్న ముగ్గుర్ని పిలిపించినాను. యాప్‌లో దొరికిన కంపెనీవాళ్ళు జెట్టింగ్‌కి, అంటే మిషన్‌తో నీళ్ళు గట్టిగా చిమ్మి లైను కడగడానికి, 9,500, కెమెరా కావాలంటే ఇంకో 4,000 అన్నారు. రెండో ఆయన గేటు దగ్గరే నిలబడి, పాత మట్టి పైపులమ్మా, మొత్తం తవ్వి పీవీసీ వేయాల్సిందే, 75,000 అవుతుందన్నాడు. మూడో అతను మూడున్నర వేలు చాలు, మనిషిని దింపి చేత్తో తీయిస్తానన్నాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాల? ఇంకో నెల లోపల దీపావళి ఉంది.

మారతహళ్ళి మావయ్య:

అక్కా, డ్రైన్ పౌడర్ నాలుగు ప్యాకెట్లు వేసి మరిగే నీళ్ళు పోయండి. మా వంటింటి సింక్ దెబ్బకి దారికొచ్చింది.

పలమనేరు పైపులాయన:

మావయ్యా, ఆ సలహా వెనక్కి తీసుకో. అక్కడ ఆల్రెడీ ఆసిడ్ పోసి ఉన్నారు. దాని మీద ఆ పౌడర్ పడితే, అది కాస్టిక్ సోడా, ఒక్కసారిగా వేడెక్కి మొహాన చిమ్ముతుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే ఇంకా ఘోరం, క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. నీ సింక్‌లో అడ్డం అడుగు దూరంలో ఉంది కాబట్టి పని చేసింది. అమ్మ వాళ్ళ లైన్లో అది ముప్పై అడుగుల అవతల, బారెడు నీళ్ళ కింద ఉంది. అంత దూరం పోయేలోపు మందు ఉత్త నీళ్ళయిపోతుంది. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టేది మాత్రం రేపొచ్చే పనివాడు. అమ్మా, ఎవర్ని పిలిచినా మూత తీయక ముందే ఆసిడ్ పోశామని చెప్పండి.

నేను 1998 నుంచి బెంగళూర్లో ఇదే పని. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక కొడుక్కి అప్పజెప్పినాను. పని కోసం రాయడం లేదు, మావాడు యలహంక దాటి రాడు.

ముందు మీ పంచాంగం సంగతి. మీ పైపు పూర్తిగా మూసుకోలేదు. ముక్కాలు వంతు మూసుకొని పావు వంతు తెరిచి ఉంది. మామూలు రోజు నలుగురు నాలుగు టైముల్లో స్నానం చేస్తే ఆ పావు వంతు దారి చాలు. పండగ పొద్దున మూడు పోర్షన్లలో తలంటులు, ఇంటి నిండా చుట్టాలు, అదే టైముకు మెషీన్. వచ్చే నీళ్ళకి పోయే దారి చాలదు. అప్పుడు నీళ్ళు ఇంట్లో అన్నిటికన్నా కిందున్న రంధ్రం వెతుక్కుంటాయి. అది మీ నహానీ ట్రాప్. గుడగుడ అంటే ముందు గాలి తోసుకొస్తోందని, దాని వెనకే నీళ్ళు. అందుకే పైన పోర్షన్ వాళ్ళకి ఎప్పుడూ ఏ సమస్యా రాదు, మీకే వస్తుంది. వాళ్ళని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. పైన వాళ్ళకి చెప్పి మెషీన్ వేయించి, అదే టైములో చాంబర్ల మూతలు తీసి చూడండి. మొదలుపెట్టాల్సింది బాత్రూం వైపు నుంచి కాదు, గేటు వైపు నుంచి. మూత తీసి అవతలికి జరిగి ఐదు నిమిషాలు వదిలేయండి. తల లోపలికి వంచొద్దు, పక్కన బీడీ అగ్గిపుల్ల వద్దు. గేటు దగ్గరి చాంబర్ ఖాళీగా ఉండి దాని వెనకది నిండి ఉంటే, అడ్డం ఆ రెంటి మధ్యలో ఉంది. గేటు దగ్గరిది కూడా నిండి ఉంటే అడ్డం దానికి అవతల, వీధి వైపు. వీధి మ్యాన్‌హోలే పొంగుతూ ఉంటే ఎవరికీ డబ్బులివ్వొద్దు. 1916కి ఫోన్ చేసి జలమండలి వాళ్ళకి చెప్పండి, నీళ్ళ బిల్లులో శానిటరీ చార్జీ అని నెలనెలా కడుతున్నది దానికే. వీధి లైను నిండితే ఇంట్లో జెట్టింగ్ చేయించి పదివేలు పోగొట్టుకున్నవాళ్ళని నేను బాగా ఎరుగుదును. మిషన్ ఆపిన గంటకి మళ్ళీ నిండుతుంది.

అందుకే ముందు మీ మూడో చాంబర్ దొరకాలి. అది లేకపోతే జెట్టింగ్ కూడా సగం పనే. జెట్ పైపు మూతికున్న నాజిల్‌లో నీళ్ళు వెనక్కి చిమ్ముతాయి, ఆ తోపుకే పైపు ముందుకు పాకుతుంది. వెనక్కి లాగేటప్పుడు చెత్తంతా దాంతో వస్తుంది. కాబట్టి కింది చాంబర్ నుంచి పైకి పంపాలి. పై నుంచి కిందికి పంపితే చెత్త కనపడని చోటికి పోయి కూచుంటుంది. టైల్స్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోండి, చాంబర్ ఉన్న చోట డొల్ల శబ్దం వస్తుంది.

ఆ ముగ్గురి సంగతి మీరు చూసి చెప్పినాక రాస్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే. మూత కూడా తీయకుండా గేటు దగ్గర నిలబడి 75,000 చెప్పినాడంటే అది పైపు రేటు కాదు, మీ గేటు చూసి చెప్పిన రేటు.

జీవన్‌భీమానగర్ కోడలు:

మూడో చాంబర్ దొరికిందండీ, గేటు దగ్గరిదే! తులసికుండ కింద!! ఐదేండ్లుగా నేను పొద్దున్నే దీపం పెడతా ఉండేది చాంబర్ మీద. టైల్ మీద కొట్టితే టంగుమనింది. మా ఆయన ఏం మాట్లాడకుండా పోయి ఉలి, సుత్తి తెచ్చినారు.

మీరు చెప్పినట్టే పైన మెషీన్ వేయించినాము. గేటు చాంబర్ ఖాళీ, అడుగున సన్నగా ఒక ధార మాత్రం పారతా ఉంది. మధ్య చాంబర్ నోటి దాకా నిండి ఉంది. దాని మీద తెల్లగా పేరుకొని, ఆరిపోయిన గంజి మాదిరి. రెండు చాంబర్ల మధ్య అడుగులు లెక్కపెట్టినాను, పదిహేను. అందులో సగం పోర్టికో కిందే.

కేజీఎఫ్ కుర్రోడు:

మేడం, మీ సమస్య సగం తేలింది, సంతోషం. నేను ఆ మూడున్నర వేల మనిషి గురించి రాద్దామని వచ్చాను. పైన ఇంతమంది ఇన్ని మాటలు రాశారు, దాని మీద ఒక్కరూ మాట్లాడలేదు.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు లైన్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. 2013 చట్టం ప్రకారం దింపిన కాంట్రాక్టరే కాదు, నేరుగానైనా ఇంకొకరి ద్వారానైనా ఆ పని పెట్టినవాళ్ళందరూ బాధ్యులే. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లోపల మనిషి చనిపోతే కుటుంబానికి ముప్పై లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు అది పది లక్షలుండేది. మూడున్నర వేలకి దిగేవాడి ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అడుగున ఉండే గ్యాస్ కుళ్ళిన గుడ్డు వాసన వస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే ఆ వాసన తెలియడమే పోతుందని చాలామందికి తెలియదు. ముక్కు మొద్దుబారిపోతుంది. ఏమీ లేదు బాగానే ఉందని రెండు మెట్లు దిగుతాడు, బురద కదలగానే ఇంకా గ్యాస్ లేస్తుంది, అంతే. వాడిని లాగబోయి ఇంకొకడు. పేపర్లో చాలాసార్లు ఇద్దరనీ ముగ్గురనీ వస్తుంది గమనించండి.

మాది కేజీఎఫ్. మా తాత చిత్తూరు జిల్లా నుంచి గనుల కాలనీలకి వచ్చినవాడు. బంగారం తవ్వడానికి కాదు, కాలనీ పాయిఖానాలు ఎత్తడానికి. మనుషులతో ఈ పని చేయించడం ఆపాలని పోరాడే బెజవాడ విల్సన్ కూడా మా కేజీఎఫ్ తెలుగు ఇంట్లో ఆ పనివాళ్ళకి పుట్టినవాడే. 2016లో ఆయనకి మెగసెసే అవార్డొచ్చినప్పుడు మా నాన్న పేపర్ కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించాడు. బయటివైపు అంటించలేదు. ఎందుకో మీకు అర్థమవుతుందనుకుంటా.

ఈ ఊళ్ళో తెల్లారక ముందే రోడ్లూడ్చే పౌరకార్మికులతో ఒకసారి తెలుగులో మాట్లాడి చూడండి, ఎంతమంది తెలుగులోనే జవాబిస్తారో. చవకగా దింపుతానన్నవాడు దింపేది ఎవర్ని అనుకుంటున్నారు?

పలమనేరు పైపులాయన:

తమ్ముడూ, నువ్వు రాసింది నిజం. నేను దాటేసినాను, తప్పు నాదే. చెప్పుకోడానికి సిగ్గే గానీ, 1999లో నేనూ దిగినాను. అప్పుడు ఇరవై రెండేండ్లు, ఒక రాత్రికి రెండొందలిస్తామన్నారు. మొల లోతు దిగగానే కాళ్ళు నావి కాదనిపించినాయి. పైన తాడు పట్టుకున్నాయన చొక్కా కాలరు పట్టి లాగినాడు. ఆ తర్వాత నా పనిలో ఎవర్నీ దింపలేదు, దింపమన్న రెండు పనులు వదులుకున్నాను.

అమ్మకి అనుమానం రాకుండా ఒక మాట. మీ ఇంటి చాంబర్ మూడడుగులుంటుంది. పైన కూచొని గ్లౌజులతో, పారతో, రాడ్‌తో తీసేది వేరు, మనిషి లోపలికి దిగేది వేరు. మొదటిది చేయించుకోవచ్చు. రెండోది ఎంత లోతున్నా వద్దు. ఫోన్లోనే అడగండి, ఎవరైనా లోపలికి దిగాల్సొస్తుందా అని. దిగుతాం అన్నవాడి దగ్గర మిషన్ లేదని అర్థం.

ఇక మీ లైను. 1986 అంటే స్టోన్‌వేర్ పైపే. ఆ పైపుని నేను తప్పు పట్టను, అది తుప్పు పట్టదు, కుళ్ళదు. బాధంతా జాయింట్ల దగ్గర. ఆ పైపులు రెండడుగుల ముక్కలుగా వచ్చేవి. పదిహేనడుగులకి ఏడెనిమిది సిమెంటు జాయింట్లు. నేల కుంగినప్పుడో, మీదకి కారెక్కినప్పుడో సిమెంటు వెంట్రుకవాసి చీలుతుంది. ఎండాకాలంలో చుట్టూ నేల పొడిగా ఉండి ఆ చీలిక దగ్గర మాత్రం తేమ ఉంటే కానుగ వేరు అక్కడికే వస్తుంది. వెంట్రుకంత సన్నంగా దూరి లోపల జడలాగా పెరుగుతుంది. దానికి మీ వెంట్రుకలు, కుంకుడు పిప్పి, నూనె జిడ్డు తగులుకుంటాయి. వెదురు బద్ద దాని మధ్య ఒక బొక్క చేసి వస్తుంది. నాలుగైదు నెలల్లో బొక్క పూడుతుంది. ఉగాది నుంచి వ్రతానికి, వ్రతం నుంచి దసరాకి, లెక్క దగ్గరికొస్తోంది చూడండి. వేరు ఒత్తుగా అవుతోందని అర్థం.

మైలుతుత్తం వద్దు. తగిలినంత మేర వేరు మాడుతుంది, కానీ జాయింట్ బీట అలాగే ఉంటుంది. పైగా అది పోయి చేరేది మురుగు శుద్ధి చేసే చోటికి. అక్కడ పని చేసేది బ్యాక్టీరియా, దానికీ అది విషమే. మీ మరిదికి దానిమ్మకే ఉంచుకోమనండి.

ముగ్గురిలో యాప్ కంపెనీనే పిలవండి. కానీ బేరం మార్చండి. కెమెరా జెట్టింగ్ తర్వాత పెట్టాలి, ముందు కాదు. మురికి నీళ్ళలో కెమెరా పెడితే టీలో ముంచినట్టే, ఏమీ కనపడదు, అయినా బిల్లు వేస్తారు. వీడియో కాపీ మీకివ్వాలి. తెర మీద అడుగుల లెక్క కనపడాలి, ఏ జాయింట్ ఎన్నో అడుగులో ఉందో పోర్టికో మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టించుకోండి. నెల రోజుల్లో మళ్ళీ నిలిస్తే ఉచితంగా వస్తామని బిల్లు మీద రాయించుకోండి, నోటి మాట లెక్కలోకి రాదు. నాజిల్ ఏదని కూడా అడగండి. జిడ్డుకి ఉత్త నీళ్ళ నాజిల్ చాలు, వేరుకి కోసే బ్లేడున్నది కావాలి. మీది పాత పైపని ముందే చెప్పండి. ఒత్తిడి తగ్గించి రెండు మూడు సార్లు పోవాలి, ఒకేసారి దంచితే బీటలున్న ముక్క ఊడుతుంది.

జెట్ నడిచేటప్పుడు కింద బాత్రూం నహానీ ట్రాప్ మీద తడి గోనెసంచి మడిచి, దాని మీద నీళ్ళ బక్కెట్టు పెట్టండి. కమోడ్ మూత వేయండి. లేకపోతే సీలింగ్ కడుక్కోవాల్సొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బయటికొచ్చే చెత్త దగ్గర మీరే నిలబడి చూడండి. కొబ్బరి పీచులాంటిదొస్తే వేర్లు. తెల్లగా సబ్బు ముద్దలొస్తే వంటింటి జిడ్డు. ఎర్రమట్టి, గులకరాళ్ళు వచ్చినాయంటే పైపు ఎక్కడో విరిగింది, చుట్టూ ఉన్న నేల లోపలికి జారుతోంది. ఆ ఒక్క కేసులోనే తవ్వడం తప్పదు, అదీ విరిగిన చోటే. తీసిన చెత్తని వీధి మోరీలోకి తోయనివ్వద్దు, సంచిలో కట్టి తీసుకెళ్ళమనండి.

కసవనహళ్ళి గుంటూరోడు:

మాది అపార్ట్‌మెంటండి, చెట్టూ లేదు వేరూ లేదు, అయినా రెండో అంతస్తు వాళ్ళ సింకులో మూడో అంతస్తు వాళ్ళ సాంబారు తేలింది. నిలువు పైపులో జిడ్డు. ఎనభై నాలుగు ఫ్లాట్లలో ఆవకాయ గిన్నెలు, గారెలు వేయించిన మూకుళ్ళు అన్నీ వేడి నీళ్ళతో కడిగేస్తారు. వేడిగా ఉన్నంతసేపు జారుతుంది, పైపులో చల్లబడ్డాక గోడకి పట్టేస్తుంది. ఇప్పుడు వంటింటి లైనుకి జిడ్డుని పట్టి ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టించాం, పదిహేను రోజులకోసారి తీయిస్తున్నాం. మూకుడు ముందు పాత పేపరుతో తుడిచి చెత్తబుట్టలో వేయమని లిఫ్టులో నోటీసంటించాం. ఎవరో దాని మీద "మా అమ్మమ్మ చెప్పింది ఇదే, మెయింటెనెన్స్ తగ్గించండి" అని రాశారు.

అక్కగారూ, టెర్రస్ వాన గొట్టం ఏ చాంబర్లోనైనా కలిపారేమో అదీ చూసుకోండి. మా పక్క లేఅవుట్లో ఒకాయన అలాగే కలిపి, వానొచ్చినప్పుడల్లా జలమండలిని తిట్టేవాడు.

పలమనేరు పైపులాయన:

గుంటూరు బాబు మంచి మాట గుర్తుచేశాడు. వాన పడ్డప్పుడే పొంగితే అది వేరే జబ్బు, వీధి లైను నిండి వెనక్కి తంతుందన్నమాట. దానికి గేటు చాంబర్లో వెనక్కి రానివ్వని వాల్వ్ వేస్తారు. ఒకటే గుర్తుంచుకోవాలి: అది మూసుకున్నంతసేపు మీ నీళ్ళు కూడా బయటికి పోవు. అప్పుడు పైన మెషీన్ వేస్తే మీ నీళ్ళలో మీరే మునుగుతారు. అమ్మ కేసు ఇది కాదు.

జీవన్‌భీమానగర్ కోడలు:

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దు, పని జరుగుతా ఉండింది.

వాన గొట్టం మాది సంపు పక్కనున్న ఇంకుడు గుంతలోకి పోతుంది, ఆ భయం లేదు. మూడున్నర వేల అతనికి ఫోన్ చేసి వద్దన్నాను. కేజీఎఫ్ బాబూ, నువ్వు రాయకపోయుంటే నేను అతన్నే పిలిచి ఉండేదాన్నేమో. 3,500 అనే అంకె తప్ప నాకింకేమీ వినపడలేదు ఆ రోజు.

యాప్ కంపెనీకి మీరు చెప్పినవన్నీ తెల్లకాగితం మీద రాసి చదివి వినిపించినాను. కెమెరా తర్వాతే అంటే ఆ పిల్లోడు కొంచెం గునిసినాడు, మా సిస్టమ్‌లో ముందే ఉంటుంది మేడం అన్నాడు. సిస్టమ్‌కి మా చాంబర్ కనపడదు కదా నాయనా అన్నాను. వాళ్ళ సూపర్‌వైజర్‌తో మాట్లాడి రెండూ కలిపి 12,000కి ఒప్పుకున్నారు, నెల రోజుల మాట బిల్లు మీద రాసిచ్చినారు.

గేటు చాంబర్ నుంచి పంపినారు. మొదటి లాగుడుకి తెల్ల ముద్దలు. రెండో లాగుడుకి, సార్, మీరన్నట్టే కొబ్బరి పీచు. పీచు కాదు, సవరం! మూరన్నర పొడుగు, నల్లగా. మా అత్తగారు బతికుంటే జడకి పెట్టుకోవాలనేవారు. దాని తర్వాత ఎర్రమట్టి వచ్చింది, గులకరాళ్ళతో. అప్పుడు నాకు గుండె జారింది.

కెమెరాలో చూస్తే గేటు చాంబర్ నుంచి నాలుగో అడుగు దగ్గర జాయింట్లో వేరు మొదలు, ఆరో అడుగు దగ్గర పైపు అడుగు భాగం విరిగి కుంగి ఉంది, ఎనిమిదో అడుగు జాయింట్లో మళ్ళీ వేరు. అక్కడి నుంచి బాత్రూముల దాకా ఒక్క బీట లేదు. మామగారు కట్టించినది కట్టించినట్టే ఉంది, లోపల మెరుస్తా ఉంది. ఆ సినిమా మా ఆయన రెండుసార్లు చూసినారు.

ఇంకొకటి. గేటు చాంబర్ అడుగున నీళ్ళు పారే కాలువలో గట్టి తెల్ల గడ్డ ఒకటి బిగుసుకొని ఉంది. గడ్డపారతో పైనుంచే కొట్టి తీసినారు. వైట్ సిమెంట్. టైల్స్ వేసిన మేస్త్రీ చేతులు, తాపీ, బక్కెట్టు అన్నీ అందులోనే కడిగి, దాని మీదే టైల్ వేసి పోయినాడు. ఆ ముక్క కిటికీలో పెట్టినాను. ఎవరి మేస్త్రీ అని నేనేమీ అడగలేదు.

తవ్వాల్సింది పదడుగులే అయింది. పైపులాయనగారూ, మీకు ఫోన్లో ఫోటో పంపితే సరే అన్నారు కదా, ఆ కొలతలతోనే ఇంకో కాంట్రాక్టరుతో చేయించినాము. ఆరంగుళాల పీవీసీ, టైల్స్‌తో కలిపి 23,000. అతను వాలు ఎక్కువిస్తే బాగా పోతుంది మేడం అన్నాడు. నేను మీరు ఫోన్లో చెప్పింది చెప్పినాను: అరవై అడుగులకి ఒకడుగు, అంటే పదిహేనడుగులకి మూడంగుళాలు, ఆరంగుళాల పైపుకి ఆ వాలు చాలని. అతను నన్ను చూసి, మేడం ఇంజనీరా అన్నాడు. తెలుగు టీచర్ని అన్నాను.

ఒక సందేహం మిగిలింది. చెట్టు కొట్టేయమంటాండారు పక్కింటోళ్ళు. నాకు మనసొప్పడంలా.

పలమనేరు పైపులాయన:

కొట్టొద్దమ్మా. వీధిలో చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, అది వేరే తలనొప్పి. పీవీసీకి జాయింట్లు తక్కువ, తడి బయటికి రాకపోతే వేరు లోపలికి రాదు. మిగిలిన పాత పైపుని ఏడాదికోసారి, ఎండాకాలం చివర్లో, వానలకి ముందు ఒకసారి కెమెరా వేసి చూసుకుంటే చాలు. ఈ వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటి పత్రాల దగ్గర పెట్టండి, కొలతలు కాగితం మీద కూడా రాసిపెట్టండి. మూడో చాంబర్‌కి టైల్ అతికించకుండా, పైకి లేపే ఫ్రేము మూత వేయించుకోండి. టైల్ అందులోనే కూచుంటుంది, చూడ్డానికి తేడా తెలియదు.

కేజీఎఫ్ కుర్రోడు:

మేడం, థాంక్స్. మీరు రాసింది మా నాన్నకి చదివి వినిపించాను.

జీవన్‌భీమానగర్ కోడలు:

ఫ్రేము మూత వేయించినాము. తులసికుండ మెట్ల పక్కకి మారింది.

ఈ రోజు దీపావళి. పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి మూడు పోర్షన్లలో పదకొండు మంది తలంటు పోసుకున్నారు, ఏడింటికి పైన రెండు మెషీన్లు ఒకేసారి తిరిగినాయి. మా ఆయన కింద బాత్రూంలో స్టూలేసుకొని, కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకొని, నహానీ ట్రాప్‌నే చూస్తా కూచున్నారు. ఎనిమిదిన్నర దాకా ఒక్క బుడగ రాలేదు. ఆ తర్వాత ఆయన తలంటుకి పోయినారు.